బకెట్ పద్దు

హర్మావారా మునిసిపాలిటీలో లెక్కలు నావి.
జనాభా రెండువేల నూట పన్నెండు.
మొన్న ఆదివారం ముసలి ఆల్పో పోయాక
పదకొండు.
పన్నుల గడిలో ఆ మేరకు ఒక అంకె సవరించి
కాఫీ తాగడానికి లేచాను.
రాతిగుండెదాన్ననుకోకండి.
అంకెల మీద ఏడిస్తే కాగితం తడుస్తుంది, అంతే.

అక్టోబరులో పనుల జాబితా వస్తుంది,
చేంతాడంత.
మురుగుశుద్ధికి కొత్త ట్యాంకు,
వృద్ధాశ్రమంలో లిఫ్టు,
తుప్పు పట్టిన వంతెన కాళ్ళు,
ఐస్ హాకీ మైదానానికి పైకప్పు,
బడికి పైకప్పు.
ఉన్నది ఒకటే దుప్పటి. తల మీదికి లాగితే
కాళ్ళు మంచులో.

మురుగు ఎప్పుడూ ముందు నడుస్తుంది,
వెనక చట్టం కర్ర పట్టుకుని తోలుతుంది గనక.
దానికి రిబ్బన్ కత్తిరించడానికి మాత్రం
ఎవరూ కోటు ఇస్త్రీ చేసుకోరు.
హాకీ మైదానానికి రంపపు మిల్లు యజమాని
సగం ఇస్తానన్నాడు.
సగం డబ్బు దొరికిన పని
రాత్రికి రాత్రే అత్యవసరమైపోతుంది.
బడికి ప్రభుత్వం మూడోవంతు ఇస్తుంది,
తక్కిన రెండు వంతులూ మేం ముందు చూపిస్తే.
చూపించలేక ఏడేళ్ళుగా
ఆ ఫైలుని అటకెక్కిస్తున్నాం.
నీళ్ళు కారుతున్నది
ఆ అటక నుంచే.

మూడో తరగతి గదిలో, ఉత్తరం మూల,
నీలం బకెట్.
ఓయ్‌వా దాన్ని రోజుకి రెండుసార్లు ఒంపుతాడు,
మంచు కరిగే రోజుల్లో అయిదుసార్లు.
ఆ చుక్కల తాళానికే పిల్లలు ఎక్కాలు వల్లిస్తారు.
ఇల్ము అనే పిల్లాడు దగ్గొచ్చి
ఏడో ఎక్కం దగ్గర ఆగిపోతాడని
టీచరు సైమి చెప్పింది,
ఫిర్యాదులా కాదు,
రేపు మబ్బు పడుతుందని చెప్పినట్టు.

ఒక రాత్రి ఆఫీసులో ఉండిపోయి
బకెట్ ఖరీదు కట్టాను.
బకెట్ పన్నెండు యూరోలు.
ఏడేళ్ళ ఓయ్‌వా గంటలు.
బూజుకి మందు, గాలి పరీక్షలు మూడు,
సైమి తలనొప్పితో మానేసిన వారాలకి
బదులు టీచరు జీతం,
వేడి నిలవక అదనంగా కాల్చిన చెక్కపేళ్ళు.
కూడితే
సగం పైకప్పు. అప్పటికే ఒంపేశాం.

కానీ బకెట్‌ది నిర్వహణ పద్దు,
కప్పుది పెట్టుబడి పద్దు.
ఒకే ఇంట్లో ఉంటూ ఏళ్ళతరబడి
మాట్లాడుకోని తోడికోడళ్ళు ఆ రెండూ.
మధ్యలో కబుర్లు మోయడం నా పని కాదు.
మోశాను.

నవంబరు సమావేశంలో అధ్యక్షురాలు హెల్వి
కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకుంది.
మిల్లు యజమాని బావమరిది అడిగాడు,
"లెక్కలు రాసేవాళ్ళకి అభిప్రాయాలెందుకు?"
"అభిప్రాయం కాదండీ, కూడిక," అన్నాను.
ఆ మాట గర్వంగానే ఉంది, కాసేపు.
వెనక వరసలో హాకీ కర్రలతో పిల్లలు కూచున్నారు,
వాళ్ళలో ఎర్ర జెర్సీ వేసుకుని, దగ్గుతూ,
ఇల్ము.
వాడికి కావలసింది మైదానమే.
ఎవరినైనా అడిగామా వాణ్ణి?
నేను మాత్రం అడగలేదు.

మూడు గంటల మీనమేషాల తర్వాత
పదకొండు చేతులు, పది చేతులు.
బడికి ఉత్తరం వైపు సగం కప్పు.
మైదానానికి ఈ ఏటికి స్తంభాలు మాత్రమే.
మంచుకాలమంతా ఆ స్తంభాలు
ఏమీ మోయకుండా నిలబడ్డాయి.

జూన్‌లో వడ్రంగులు వచ్చి వెళ్ళారు.
మూడో తరగతి ఆరింది.
మొదటి వానకి
నీళ్ళు దూలం వెంట దారి వెతుక్కుని
అయిదో తరగతిలో దిగాయి.
ఓయ్‌వా నీలం బకెట్‌తో నడవాలో నిలబడి
"ఎక్కడ పెట్టమంటారు?" అన్నాడు నన్ను చూసి,
అది కూడా నేనే తేల్చాలన్నట్టు.

మళ్ళీ అక్టోబరు.
పాతది చిల్లిపడింది. రాశాను:
బకెట్, ఒకటి.
ఈసారి పెట్టుబడి గడిలో.
ఇంకా ఎవరూ పట్టుకోలేదు.